ఏథెన్సు విద్యయు క్రైస్తవ విశ్వాసమును

క్రీస్తుశకము 362వ సంవత్సరము జూను 17వ తేదీని రోమక చక్రవర్తియగు జూలియను ఒక చిన్న శాసనమును వెలువరించెను. బడిపంతుళ్లకు ముందు శీలమును, పిదప వాక్చాతుర్యమును ఉండవలెననియు, చక్రవర్తి ప్రతి ఊరికిని స్వయముగా పోజాలడు గనుక ఆయా పట్టణముల సభలే ఉపాధ్యాయుల యోగ్యతను నిర్ణయించి, ఆ నిర్ణయమును తన యామోదమునకు పంపవలెననియు దాని సారాంశము. చదివినవారికి ఇందు తప్పుపట్టదగినదేదియు కనబడదు. పంతులునకు శీలము వలదనువాడెవడు? క్రైస్తవుడను మాట అందెక్కడను లేదు. కాని కాగితములతో చిరకాలము కాపురము చేసినవారికి ఒక సంగతి తెలియును. హుకుములో లేని కోర, దానివెంట వచ్చు తాకీదులో ఉండును.

ఆ తాకీదువంటి లేఖ యొకటి నేటికిని నిలిచియున్నది. హోమరు, హెసియదు, డెమాస్తనీసు మున్నగువారు దేవతలను కొలిచినవారు. ఆ దేవతలు లేరని నమ్ముచు, ఆ కవుల గ్రంథములను పిల్లలకు చెప్పి జీతము తినుట వంచన. మనసున నొకటి యుంచుకొని నోట నొకటి చెప్పి సరకమ్ము వర్తకునికిని అట్టి పంతులునకును భేదము లేదు. అట్టివారు తమ ప్రార్థనాలయములకు పోయి మత్తయిని, లూకాను చెప్పుకొనవచ్చును - ఇది జూలియను వాదము. పిల్లలను మాత్రము బడికి రావలదని యతడు అనలేదు. పంతుళ్లను తొలగించిన చాలునని యతని యెత్తు.

ఈ యెత్తులోని బలమును గ్రహింపవలెనన్నచో, ఆనాటి బడి యెట్టిదో తెలియవలెను. తెలుగునాట వీధిబడిలో పిల్లలు అమరమును వల్లించి, శతకములు కంఠస్థము చేసి, భారత భాగవతములకు ఎక్కినట్లు, గ్రీకు బాలుడు హోమరు పద్యములతో అక్షరములు దిద్దుకొనెడివాడు. పిదప నాటకములు, పిదప వక్తల ఉపన్యాసములు. ఈ వక్తృత్వవిద్య వచ్చినవానికే న్యాయస్థానములో వాదించు యోగ్యతయు, పట్టణసభలో మాటయు, సర్కారు కొలువును. క్రైస్తవులకు వేరు బడులు లేవు. వారి పిల్లలును ఆ బల్లల మీదనే కూర్చుండి, ఇంటివద్ద లేవని వినిన దేవతల కథలనే పద్యములలో నేర్చుకొనెడివారు. పొట్టకూటి విద్యయు, మనసునకు మెరుగు పెట్టు విద్యయు ఒక్కటియే అయినపుడు దానిని విడుచుట సులభము గాదు. కన్నులు మూసికొని పుచ్చుకొనుటయు సులభము గాదు.

ఈ చిక్కు జూలియనుతో పుట్టినది కాదు. అపొస్తలుడగు పౌలు ఏథెన్సు నగరమునకు పోయి, అరేయొపగు సభలో నిలిచి మాటాడిన కథ అపొస్తలుల కార్యములలో కలదు. తెలియబడని దేవునికని వ్రాసియున్న బలిపీఠమును చూచి, దానినే తన ప్రసంగమునకు మొదలుగా గైకొనెను. అంతటితో నూరకుండక, వారి కవుల మాటలనే సాక్ష్యముగా తెచ్చెను. అతడు ఎత్తిచూపిన కవులలో అరాటసు ఒకడు. పౌలు పుట్టిన కిలికియ దేశపువాడే. సభలో కొందరు నవ్విరి, కొందరు మరల విందుమనిరి, బహు కొద్దిమంది నమ్మిరి. ఫలితమును లెక్కించినచో పెద్ద జయమని చెప్పుటకు వీలులేదు. అయినను పరుల విద్యను పరుల యెదుట గౌరవముగా ఎత్తి మాటాడుట యను పద్ధతి ఆనాడు పడినది.

రెండవ శతాబ్దమున సమరయ ప్రాంతమున నెయపొలి యను ఊర పుట్టిన జస్టిను ఈ బాటను వెడల్పు చేసెను. సత్యమును వెదకుచు అతడు గురువుల చుట్టు తిరిగిన తిరుగుడు వినోదముగా ఉండును. మొదట చేరిన స్తోయికునకు దేవుని సంగతియే పట్టలేదు. రెండవవాడు కొన్ని నాళ్లకే జీతము మాట యెత్తెను. పైథాగొరసు మతస్థుడొకడు, సంగీతము, ఖగోళము, క్షేత్రగణితము వచ్చినగాని తత్త్వము చెప్పనని పంపివేసెను. ప్లేటో మతమున కొంత నెమ్మది దొరకెను. తుదకు సముద్రతీరమున కనబడిన వృద్ధుడొకడు ప్రవక్తల గ్రంథముల దారి చూపెను. జస్టిను క్రైస్తవుడయ్యెను గాని, తత్త్వవేత్తలు కప్పుకొను ఉత్తరీయమును మాత్రము విడువలేదు. దైవవాక్కు విత్తనమువలె మనుష్యులందరిలోను చల్లబడియున్నదనియు, సోక్రటీసు మొదలగువారు ఆ విత్తనమువలననే సత్యమును కొంత కనుగొనిరనియు అతడు వాదించెను. 165వ సంవత్సర ప్రాంతమున రోములో అతని తల తీయించిన అధికారి రుస్టికసు, తాను స్తోయికు తత్త్వమున పండితుడు, మార్కసు అరీలియసు చక్రవర్తికి గురుతుల్యుడు. తత్త్వము చదివిన న్యాయాధిపతి యెదుట తత్త్వవేత్త ఉత్తరీయముతో నిలిచినవాడు ప్రాణము పోగొట్టుకొనెను. చదువొక్కటే మనుష్యుని మెత్తపరచునను నమ్మకము గలవారు ఈ సంగతిని గుర్తుంచుకొనుట మేలు.

జస్టిను మార్గము అందరికిని రుచింపలేదు. కార్తేజు పట్టణపు టెర్టులియను చేతిలో కలము కత్తివంటిది. ఏథెన్సునకును యెరూషలేమునకును పొత్తేమని యతడు గద్దించెను. మతభేదములన్నింటికిని తత్త్వశాస్త్రమే తల్లియని యతని యభిప్రాయము. అయినను బడి మాట వచ్చుసరికి అంతటివాడును కొంత దిగివచ్చెను. క్రైస్తవుని బిడ్డ ఆ గ్రంథములను నేర్చుకొనవచ్చును, వేరు గతి లేదు. క్రైస్తవుడు వానిని బోధించు పంతులుగా మాత్రము ఉండరాదు, దేవతల కథలను మెచ్చుచు చెప్పవలసివచ్చును గదా యని తీర్పు చెప్పెను. చదువరి యిచ్చట కొంచెము ఆగవలెను. ఇంచుమించు 150 సంవత్సరముల పిదప జూలియను చేసిన శాసనము సరిగా ఇదియే. క్రైస్తవులలో మిక్కిలి పట్టుదలగలవాడును, క్రైస్తవులకు మిక్కిలి విరోధియైన రాజును ఒక్క మాటమీదికి వచ్చిరి. రెండు కొనలు కలిసిన తావున నలిగినవాడు నడుమనున్న బడిపంతులు.

అలెక్సంద్రియ నగరమున గాలి వేరు. ధర్మశాస్త్రము యూదుల నెట్లు క్రీస్తునొద్దకు నడిపించెనో, తత్త్వశాస్త్రము గ్రీకుల నట్లే నడిపించెనని క్లెమెంటు బోధించెను. అతని తరువాతివాడగు ఆరిజెను కథ మరింత హృదయంగమము. 202వ సంవత్సర ప్రాంతమున తండ్రి లియొనిదసును విశ్వాసము నిమిత్తము చంపిరి. అప్పటికి ఆరిజెనునకు పదునేడేండ్లకు మించలేదు. తండ్రి వెంట తానును చనిపోవుటకు పరుగెత్తబోగా, తల్లి అతని బట్టలు దాచి ఇల్లు కదలనీయలేదు. ఆస్తి సర్కారు పాలయ్యెను. క్రింద ఆరుగురు తమ్ములు. ఆ కుటుంబమును పోషించినది ఏది? అతడు నేర్చిన గ్రీకు వ్యాకరణమే. దానిని చెప్పి నాలుగు డబ్బులు తెచ్చెను. కొంతకాలమునకు దైవబోధకే తన కాలమంతయు నీయదలచి, ముచ్చటపడి సేకరించిన కావ్యగ్రంథముల నన్నిటిని అమ్మివేసి, కొన్నవాడు దినమునకు నాలుగు ఓబొలుల చొప్పున ఇచ్చు సొమ్ముతో జీవించెను. పుస్తకములను ప్రేమించువాడెవడును ఈ యమ్మకమును తేలికగా చదువజాలడు. అయినను ఆరిజెను ఆ విద్యను ద్వేషించి అమ్మలేదు. తరువాత పాలస్తీనులోని కైసరయ పట్టణమున పాఠశాల పెట్టినపుడు, దేవుని లేడను నాస్తికుల గ్రంథములు తప్ప తత్త్వవేత్తల గ్రంథములన్నిటిని శిష్యులచే చదివించెనని యతని శిష్యుడే వ్రాసియుంచెను.

ఆ కైసరయలో ఆరిజెను విడిచిన గ్రంథముల చుట్టు పెద్ద గ్రంథాలయము పెరిగెను. దానిని పెంచినవాడు పాంఫిలసు. ఆరిజెను గ్రంథములను పెక్కింటిని స్వహస్తముతో ఎత్తి వ్రాసికొనెను. వేదగ్రంథముల ప్రతులను వ్రాయించి సిద్ధముగా ఉంచి, అడిగినవారికి చదువుకొనుటకే గాక తమయొద్ద ఉంచుకొనుటకును ఇచ్చెడివాడట. పురుషులకే గాక, చదువునందు ఆసక్తిగల స్త్రీలకును ఇచ్చెనని అతని చరిత్రము తెలిసినవారు ప్రత్యేకముగా వ్రాసిరి. నాటి లోకమున అది వ్రాయదగిన విశేషమే. ఎరువిచ్చిన పుస్తకము తిరిగిరాదను దుఃఖము ఎరిగిన గ్రంథాలయ కార్యదర్శులకు, తిరిగి యీయనక్కరలేదని యిచ్చిన పాంఫిలసు దేవతవలె కనబడును. ఈతడు 310వ సంవత్సర ప్రాంతమున చెరలో చిరకాలము మ్రగ్గి, హతుడయ్యెను.

ఇక జూలియను కథకు రావలెను. ఇతడు క్రైస్తవమును రాజమతమునకు చేరువ చేసిన కాన్‌స్టాంటైను చక్రవర్తికి తమ్ముని కొడుకు. 337లో కాన్‌స్టాంటైను చనిపోగానే సైనికులు రాజబంధువులను ఊచకోత కోసిరి. జూలియను తండ్రి అందు కూలెను. పసివాడగు జూలియనును, అతని సవతి యన్న గల్లసును మాత్రము మిగిలిరి. రాజ్యము ఎవరికి దక్కెనో వారు క్రైస్తవులు. బాలుని పెంచిన బోధకులును క్రైస్తవులు. తన యింటివారి నెత్తురు ఎవరి చేతులకంటినదని అనుమానమో, వారి నోటనే ప్రేమబోధ వినుచు పెరిగిన పిల్లవాడు అతడు. కప్పదొకియలో ఒక కోటలో కాపలా నడుమ ఉన్న ఆ దినములలో జార్జియను క్రైస్తవ పండితుడు తన గ్రంథములను ఎరువిచ్చెడివాడు. జూలియను వానికి నకళ్లు వ్రాసికొనెను. హోమరు, ప్లేటోలు అతనికి తల్లిదండ్రులైరి. లోలోపల పూర్వదేవతలకు భక్తుడై, పది సంవత్సరములు పైకి క్రైస్తవుడుగా నడచుకొనెను.

ఆ జార్జి తరువాత అలెక్సంద్రియలో బిషప్పయ్యెను. జనులకు కంటగింపై 361 తుదిని గుంపుచేత చంపబడెను. అప్పుడు చక్రవర్తియైయున్న జూలియను ఐగుప్తు అధికారికి జాబు వ్రాసెను. కొందరికి గుఱ్ఱములమీద ప్రీతి, కొందరికి పక్షులమీద ప్రీతి, తనకు చిన్ననాటినుండి పుస్తకములమీద ప్రీతియనియు, జార్జి గ్రంథములలో ఒకటియు చెదరకుండ వెదకించి పంపవలెననియు దాని భావము. గలిలయుల బోధ గల పుస్తకములు నశించిన మేలే గాని, వానిని ఏరుటలో మంచి పుస్తకములు పోవునేమోయని జంకి, అన్నిటిని కాపాడుమని చెప్పెను. గలిలయులనగా అతడు క్రైస్తవులకు పెట్టిన పేరు. ఇంతటి గ్రంథప్రియుడే పంతుళ్ల శాసనమును చేసినవాడు. పుస్తకములయందలి ప్రేమయే, అవి పరులచేత బడరాదను అసూయగా మారినదని చెప్పిన యథార్థమునకు దూరము గాదు.

355 వేసవిలో ఈ జూలియను కొన్ని నెలలు ఏథెన్సులో విద్యార్థిగా నుండెను. అదే కాలమున అక్కడ కప్పదొకియ దేశపు యువకులిద్దరు చదువుచుండిరి. ఒకడు కైసరయ పట్టణపు బాసిలు. ఇది పాంఫిలసు కైసరయ కాదు, నేటి తుర్కీ దేశములోని కైసరి. రెండవవాడు నజియాంజు గ్రెగొరీ. గురువులలో హిమేరియసు పూర్వదేవతల భక్తుడు. ప్రొహెరీసియసు ఆర్మేనియా నుండి వచ్చిన క్రైస్తవుడు. కొత్తగా వచ్చిన విద్యార్థిని పాతవారు చుట్టుముట్టి, ఎగతాళి చేసి, ఊరేగింపుగా స్నానశాలకు తీసికొనిపోయి, తలుపులు బాది భయపెట్టి తమలో కలుపుకొను మోటు ఆచారము అక్కడ కలదు. బాసిలు గంభీరస్వభావము గలవాడగుటచే అతనికి ఆ బాధ లేకుండ చేసినది తానేనని గ్రెగొరీ ముదిమిలో మురిసిపోవుచు చెప్పుకొనెను. తామిద్దరును ఎరిగినవి రెండే త్రోవలట: ఒకటి ప్రార్థనాలయమునకు, రెండవది గురువుల యింటికి. జూలియనును గూర్చి మాత్రము గ్రెగొరీ, అతని చూపు నిలుకడలేనిదనియు, మెడ వణకుచుండెడిదనియు, ఇట్టివానివలన రాజ్యమునకు కీడు మూడునని తానానాడే కనిపెట్టితిననియు వ్రాసెను. శత్రువు చచ్చిన పిదప వ్రాసిన జ్యోతిష్యమును చదువరులు కొంచెము తగ్గించి పుచ్చుకొనవలెను.

శాసనము వచ్చినపుడు వీరేమి చేసిరి? ముందు పంతుళ్ల సంగతి. ప్రొహెరీసియసు తనకు పూర్వపరిచయము గల గురువగుటచే జూలియను అతనికి మినహాయింపు నిచ్చెను. ఆ వృద్ధుడు మినహాయింపును పుచ్చుకొనక, తానే కొలువు మానుకొనెను. రోమునగరమున విక్టోరినసు అను మహావక్తకు బ్రదికియుండగనే త్రాజను చక్రవర్తి పేరిటి చావడిలో విగ్రహము నిలిపియుండిరి. ముదిమిలో క్రైస్తవుడైన ఆయనయు బడి మూసివేసి ఇంటికి పోయెను. పేరులేని చిన్న పంతుళ్లు ఎందరు కూడు పోగొట్టుకొనిరో చరిత్రకారులెవరును లెక్క వ్రాయలేదు.

సిరియ దేశపు లవొదికయలో అపొల్లినారిసు అను పేరుగల తండ్రికొడుకులుండిరి. తండ్రి వ్యాకరణ పండితుడు, కొడుకు వక్తృత్వ పండితుడు. హోమరును చెప్పగూడదన్నచో తామే ఒక హోమరును చేయుదుమని వారు పూనుకొనిరి. మోషే గ్రంథములను వీరఛందస్సులో ఇతిహాసముగాను, వేదకథలను నాటకములుగాను, సువార్తలను ప్లేటో పద్ధతిలో సంవాదములుగాను మార్చి వ్రాసిరట. ఇంత రచన ఇంత త్వరగా! దానిలో నేడు మిగిలినదేదియు లేదు. తరువాతి శతాబ్దపు క్రైస్తవ చరిత్రకారుడు సోక్రటీసు, అవి వ్రాయబడినను వ్రాయబడనట్లేయని నిర్మొగమాటముగా చెప్పెను. కావ్యభాషకు నేల వేయి సంవత్సరములు దున్నినగాని పంట రాదు. ఆజ్ఞకు జవాబుగా, గడువులోపల పూర్తిచేసిన కావ్యము దరఖాస్తువలె చదువబడి, దరఖాస్తువలెనే దఫ్తరములో మగ్గును.

గ్రెగొరీ కోపము వేరు విధమైనది. ధనమును, వంశగౌరవమును, అధికారమును విడిచితిని గాని, వాక్కు నొక్కదానిని విడువనని యతడు గర్జించెను. గ్రీకు భాష గ్రీకు దేవతలను కొలుచువారి సొత్తని ఎవరు వ్రాసియిచ్చిరి? అక్షరములు ఫేనీకే దేశమునుండి వచ్చినవి గదా, ధూమ్రవర్ణపు అద్దకము తూరు పట్టణమునుండి వచ్చినది గదా. కనిపెట్టినవారికి దక్క తక్కినవారికి హక్కులేదన్నచో గ్రీకుల చేతిలో మిగులునదేమి? విద్యకు పట్టా లేదని యతని వాదము. తిట్టు ఎక్కువైన గ్రంథమే యైనను, ఈ వాదమునకు జూలియను పక్షమువారు సమాధానము చెప్పలేకపోయిరి. అన్నిటికంటె విచిత్రము, పూర్వదేవతల భక్తుడును, జూలియను సైన్యమున పనిచేసి అతనిని ఎంతయు మెచ్చినవాడును అగు అమ్మియానసు అను చరిత్రకారుడు, ఈ యొక్క శాసనము మాత్రము క్రూరమైనదనియు, దానిని మౌనములో పాతిపెట్టవలసినదనియు వ్రాసెను. తనవాని తప్పును తప్పనిన చరిత్రకారుని మాటకు విలువ ఎక్కువ.

363 జూను 26వ తేదీని పారసీక యుద్ధమున బల్లెపు దెబ్బ తగిలి జూలియను చనిపోయెను. ముప్పది రెండేండ్లకు మించని ప్రాయము. మరుసటి సంవత్సరము శాసనము రద్దయ్యెను. పంతుళ్లు బడులకు తిరిగి వచ్చిరి. ఇక హోమరును పట్టుకొని వ్రేలాడుటయో, కసికొద్ది విసరివేయుటయో అను ప్రశ్న రాజాజ్ఞవలన గాక, ఎవరికి వారే తేల్చుకొనవలసి వచ్చెను. ఆ తేల్చుకొనుటకు తోడ్పడినది బాసిలు చిన్న పొత్తము.

బాసిలు ఏథెన్సునుండి తిరిగివచ్చినపుడు పాండిత్యగర్వముతో ఊగుచుండెననియు, అతని అక్క మక్రినా గట్టిగా మందలించి దారికి తెచ్చెననియు వారి తమ్ముడే వ్రాసెను. అతడు తపస్సు చేసి, 370లో కైసరయకు బిషప్పయ్యెను. బడికి పోవు యువకులగు తన బంధువులకు, తల్లిదండ్రుల తరువాత తానే దగ్గరివాడనని చెప్పుకొనుచు, గ్రీకు గ్రంథములను ఎట్లు చదువవలెనో ఒక ఉపన్యాసముగా వ్రాసెను. అందు బెదిరింపు లేదు. ఇంటి పెద్ద అరుగుమీద కూర్చుండి చెప్పినట్లుండును. తేనెటీగ అన్ని పూవులమీద వ్రాలదు. వ్రాలిన పూవునంతయు మోసికొనిపోదు. తన పనికి వచ్చినది గైకొని తక్కినది విడుచును. గులాబిని కోయువాడు ముల్లును తప్పించుకొనును. రంగులవాడు అద్దకమునకు ముందు బట్టను ఉతికి సిద్ధపరచును. అట్లే ఈ చదువు మనసును సిద్ధపరచును. మోషే ఐగుప్తీయుల విద్యను, దానియేలు కల్దీయుల విద్యను నేర్చినవారే. దేవతల జారత్వకథలు వచ్చినచోట మాత్రము, మోహినుల పాట వినబడకుండ ఒడిసియసు కథలో చెవులు మూసికొన్నట్లు, మూసికొనవలెను. హంస పాలను నీటిని వేరుచేయునను మాట వినుచు పెరిగిన తెలుగువారికి ఈ బోధ కొత్తగా తోచదు.

అతడు ఎన్నుకొన్న కథలే అతని రుచిని తెలుపును. ఒకడు పెరిక్లీసును పగలంతయు వెంబడించి తిట్టెనట. చీకటిపడి వాడు ఇంటికి పోబోగా, పెరిక్లీసు దీపమిచ్చి సాగనంపెను. మరియొకడు సోక్రటీసును ముఖము వాచునట్లు కొట్టెను. సోక్రటీసు తిరిగి కొట్టక, శిల్పి తన బొమ్మమీద పేరు చెక్కునట్లు, ఇది ఫలానావాని పనియని తన నొసట వ్రాసికొని ఊరకుండెనట. ఒక చెంప కొట్టినవానికి మరియొక చెంప త్రిప్పుమనిన బోధకు ఈ కథలు బంధువులేయని బాసిలు సంతోషించెను. తనవి కాని పుస్తకములలో తనవారిని గుర్తించుటకు విశాలమైన హృదయము కావలెను.

ఆ విద్య అతనికి పుస్తకములతో నిలువలేదు. 368, 369 సంవత్సరముల కరవులో ఏథెన్సున నేర్చిన వాక్కుతోనే ధాన్యపు కొట్లవారిని నిలదీసి తలుపులు తెరిపించెను. ఊరి వెలుపల వైద్యులతోను, పరిచారకులతోను గొప్ప వైద్యశాలను, బీదల సత్రమును కట్టించి, కుష్ఠరోగులను స్వయముగా ఆదరించెను. అక్కడ రోగులకు ఇచ్చినది గ్రీకుల వైద్యమే. మందు కనిపెట్టినవాడు ఏ దేవతను కొలిచెనని అక్కడ ఎవరును అడుగలేదు.

లాటిను దేశములవారి కథలు క్లుప్తముగా చెప్పిన చాలును. జెరోము జ్వరములో కల గనెను. న్యాయపీఠము ముందు నిలువగా, నీవు క్రీస్తువాడవు కావు, కికెరో వాడవని చెప్పి కొట్టించిరట. ఇక ఆ పుస్తకములు ముట్టనని కలలో ప్రమాణము చేసెను. తరువాత అతని వ్రాతలనిండ ఆ కవులే కనబడుచుండగా, పాత స్నేహితుడు ప్రమాణము మాట గుర్తుచేసి దెప్పెను. కల కలయే గదా యని జెరోము తప్పించుకొనెను. అగస్టీను, ఐగుప్తు విడిచివచ్చిన ఇశ్రాయేలీయులు అక్కడి బంగారమును తెచ్చుకొన్నట్లు, పరుల విద్యలోని మేలిమిని తెచ్చుకొనవచ్చునని సమాధానపడెను.

ఇచ్చటితో ముగించినచో కథ అందముగా ఉండును గాని యథార్థము కాదు. అధికారము చేతికి వచ్చిన పిదప క్రైస్తవులందరును బాసిలు మాట వినలేదు. 391 ప్రాంతమున అలెక్సంద్రియలో సెరాపిసు ఆలయము కూల్చబడెను. 415లో అదే నగరమున గణితమును, తత్త్వమును బోధించుచుండిన హైపేషియా యను విదుషిని క్రైస్తవుల గుంపు బండిలోనుండి ఈడ్చి చంపెను. ఆమె శిష్యుడగు సినీసియసు క్రైస్తవ బిషప్పు. తుదివరకు ఆమెను గురువనియు తల్లియనియు భావించి జాబులు వ్రాసినవాడు. ఆమె చావు చూడకుండ ముందే పోయెనని తోచుచున్నది. 529వ సంవత్సర ప్రాంతమున క్రైస్తవ చక్రవర్తి జస్టీనియను, పూర్వదేవతలను కొలుచువారు ఎచ్చటను పాఠము చెప్పరాదని ఆజ్ఞాపించెను. ఏథెన్సు తత్త్వపాఠశాల మూతపడి, కొందరు గురువులు పారసీక రాజును ఆశ్రయించి పోయిరి. జూలియను శాసనమే వేషము మార్చుకొని తిరిగి వచ్చినది. ఈసారి రాజుపక్షమున నిలిచి, ఇది క్రూరమని వ్రాసిన అమ్మియానసు కనబడడు.

గ్రంథములు మాత్రము మిగిలినవి. హోమరును ప్రతి వ్రాసి కాపాడినవారిలో పెక్కురు క్రైస్తవ లేఖకులే. 1400 ప్రాంతమున ఇటలీలో లియొనార్డో బ్రూనీ బాసిలు ఉపన్యాసమును లాటినులోనికి తెచ్చెను. గ్రీకు కావ్యములు చదువుట పాపమనువారి నోరు మూయించుటకు ఆ పొత్తమే అప్పటివారికి ఆయుధమయ్యెను.

తెలుగునాటను ఈ ప్రశ్న వేరు రూపమున వచ్చినది. బ్రాహ్మణ కుటుంబమున పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌధరి (1803-1890) తన భక్తిని కర్ణాటక రాగతాళములలోనే పాడెను. ఆ కీర్తనలు నేటికిని ప్రార్థనాలయములలో వినబడుచున్నవి. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టిన గుఱ్ఱము జాషువ సంస్కృతాంధ్ర కావ్యములను కష్టపడి నేర్చి, 1941లో కాళిదాసు మేఘసందేశపు బాటలో గబ్బిలమును వ్రాసెను. ఆలయపు గడప దాటనీయబడని పేదవాడు తన మొర కాశీ విశ్వనాథునికి గబ్బిలముచేత చెప్పి పంపును. గబ్బిలమును గుడిలోనికి రావలదనువారు లేరు గదా. క్రీస్తుచరిత్రమును ఆయన పద్యకావ్యముగానే వ్రాసెను; 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చెను. అపొల్లినారిసులు కోరి సాధింపలేనిది ఇచ్చట కోరకయే సమకూడెను. బలిజేపల్లివారి హరిశ్చంద్ర నాటకమాడునపుడు, శ్మశాన ఘట్టమున నటుడు జాషువ పద్యములను చొప్పించి పాడును. అవి నాటకములోనివి కావని తెలిసినవారును, తెలియనివారును, చాపలమీద కూర్చున్నవారును, వెనుక నిలుచున్నవారును ఒక్క గొంతుతో వన్సుమోరు అందురు.